కిటికీలు మూసిన ఇంట్లో సరిత

హరీశ్ అంటే నాకు పడదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే నాకూ హాయి, వినేవాళ్లకూ హాయి. కోరుట్లలో మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. ఆ గోడ మీద నుంచి హరీశ్ తల్లి అంజవ్వతో నేను పెట్టుకున్న తగాదాలు మా వాడకట్టంతా విన్నదే. నేను బట్టలు కుట్టే మనిషిని. నా కత్తెర కన్నా నా నోరే పదునని మా ఆయన రాజ్‌కుమార్ అంటాడు. అననీ. ఆ ఇంటి కోడలు సరిత సంగతి చెప్పాలంటే మెత్తని నోటితో అయ్యే పని కాదు.

సరిత పుట్టిల్లు సిరిసిల్ల. తండ్రి ఆనందం ఒక సేటు దగ్గర మరమగ్గాలు, మా మాటలో సాంచాలు, నడిపే కార్మికుడు. ఆ మోతలో పెరిగిన పిల్ల గనుక, పెళ్లయి వచ్చిన కొత్తలో పక్కనున్న మనిషితో కూడా అరిచినట్టే మాట్లాడేది. "గంత మొత్తుకోకు పిల్లా, ఈడ సాంచాలు నడుస్తలేవు" అని అంజవ్వ కసిరేది. ఏడాది తిరిగేసరికి ఆ గొంతు తగ్గిపోయింది. పని మాత్రం తగ్గలేదు. ఇంటి పని కాగానే నా దగ్గరకు వచ్చి చీరలకు ఫాల్స్ కుట్టేది, జాకెట్లకు హుక్కులు వేసేది. నేను తప్పు పట్టడానికి వంకలు వెతికే మనిషిని. ఆమె కుట్టులో ఒక్కనాడూ నాకు వంక దొరకలేదు.

హరీశ్ వాళ్లదీ నేత నేసే సాలోళ్ల ఇల్లే. అతడి తండ్రి పోయాక చేమగ్గం మూలపడింది, దాని గుంత పూడ్చి పైన బండలు పరిచారు. హరీశ్ షార్జా పోయి ఏసీలు బాగుచేసే పనిలో కుదిరాడు. ఆ సంపాదనతో స్లాబు వేశారు, పక్కకు జరిపే అద్దాల కిటికీలు పెట్టించారు. అక్కడ కిటికీ తీసే అలవాటే ఉండదట. ఆ అలవాటును ఇక్కడికి ఫోన్‌లో పంపించాడు మహానుభావుడు.

ఊరికే పంపలేదు, అది కూడా చెప్పాలి. వాళ్లకు మొదట ఒక ఆడపిల్ల, తేజస్విని. పొద్దంతా మా అరుగు మీదే ఉండేది, నా గుడ్డ ముక్కలన్నీ తన గౌను చెరగులో మూట కట్టుకునేది. వానాకాలంలో జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. కరీంనగర్ తీసుకుపోయారు. తిరిగి తెచ్చింది పిల్లను కాదు. హరీశ్‌కు కంపెనీ సెలవు ఇవ్వలేదు. ఆ పసిదాన్ని సాగనంపేటప్పుడు ఫోన్ పట్టుకుని నిలబడ్డది మా ఆయనే. "అన్నా, సక్కగ పట్టు, బిడ్డ కనవడ్తలేదు" అని హరీశ్ అటు నుంచి ఏడ్చాడని రాజ్‌కుమార్ ఇప్పటికీ చెప్పలేక చెబుతాడు. మరి నాకు హరీశ్ మీద జాలి లేదా అంటే, ఉంది. జాలి వేరు, పడటం వేరు.

ఆ తరువాత ఎప్పటికో సెలవు దొరికి వచ్చి పోయాడు. అతడు పోయాక నితిన్ పుట్టాడు. కొడుకును హరీశ్ ఇప్పటిదాకా చేతుల్లోకి తీసుకోలేదు. చూసిందంతా ఫోన్‌లోనే.

ఇక చూడండి దోమల మీద యుద్ధం. షార్జాలో కూర్చుని ఫోన్‌లో ఆర్డర్ పెట్టేవాడు, కోరుట్లలో మా గల్లీకి పార్సిల్ దిగేది. గోడకు పెట్టే దోమల మిషిన్, దాని సీసాలు, కాయిళ్లు, స్ప్రే డబ్బాలు, ఒంటికి రాసే క్రీం, పిల్లాడి ముంజేతికి కట్టే వాసన పట్టీ, చొక్కాకు అంటించే బిళ్లలు. కిటికీల సందులకు ప్యాకింగ్ టేపు వేయించాడు. సరిత ఒకటి వాడుతుంటే ఇంకొకటి వచ్చేది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారు. ఇక్కడ అస్త్రం దోమ మీద వేస్తే పిల్లాడికి తగులుతోంది.

సాయంత్రం అతడి డ్యూటీ అయిపోగానే వీడియో కాల్ వచ్చేది. ఎట్లున్నవ్ లేదు, తిన్నవా లేదు.

"మిషిన్ పెట్టినవా? లైటు చూపియ్యి."

సరిత ఫోన్‌ను ఎర్రలైటు దగ్గర పెట్టేది.

"కిటికీ చూపియ్యి. గా మూలకు టేపు లేసినట్టున్నది గదా, ఒత్తు. క్రీం రాసినవా? పోరని చేతులు చూపియ్యి."

పోలీసు ఠాణాలో హాజరు వేయించుకునే వాళ్లు కూడా అంత భయపడుతూ నిలబడరు. ఒక్కరోజు ఎర్రలైటు కనపడకపోతే ఆ తిట్లు గోడ దాటి నా కుట్టుమిషన్ దాకా వినపడేవి. తల్లికి విడిగా ఫోన్ చేసి "అది పెడ్తుందా లేదా, నువ్వు చూస్తున్నవా?" అని అడిగేవాడు. దొంగకు కాపలా పెట్టినట్టు కట్టుకున్న దానికి తల్లిని కాపలా పెట్టాడు.

నితిన్‌కు దగ్గు మొదలైంది. అరుగు మీద ఉన్నంతసేపు బాగానే ఉండేవాడు, ఆ గదిలోకి పోతే కళ్ల నీళ్లు, ముక్కు నీళ్లు. మోచేతుల కింద ఎర్రగా పొక్కింది. క్రీం రాసిన చేతులు నోట్లో పెట్టుకుని చీకేవాడు, పాలు కక్కేవాడు. పళ్లొచ్చే పిల్లాడు, చేతికి ఏది దొరికినా నోట్లోకే పోతుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"అవ్వా! పోరడు దగ్గి దగ్గి సస్తున్నడు, జర గా కిటికీ తియ్యరాదే!" అన్నాను గోడ మీద నుంచి.

"నీ పోరగాండ్ల సంగతి నువ్వు చూస్కో" అంది అంజవ్వ. "మా ఇంట్ల ఒకటి పోయింది. నీ ఇంట్ల పోయిందా?"

 ఆ మాట తగిలింది గనుకే ఇంకా గట్టిగా తిట్టాను. మరునాడు ఊరుకోలేక వాళ్లింటికే పోతే, అంజవ్వ నా ఎదురుగా ఇంకొక కాయిల్ ముట్టించి కుర్చీ కింద పెట్టింది. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఊరికే అనే మాట అనుకునేదాన్ని. నేనూ తక్కువ తిన్నానా, కళ్లు మండుతున్నా చాయ్ అడిగి తాగి మరీ వచ్చాను.

చివరికి ఒకరోజు నితిన్ ఎదలోంచి పిల్లికూతలు వినిపించాయి. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి పోతోంది. పెళ్లివాళ్ల జాకెట్లు పక్కన పడేసి, సరితను, పిల్లాణ్ని జగిత్యాల బస్సెక్కించాను. అక్కడి పిల్లల డాక్టరమ్మ ఎద మీద గొట్టం పెట్టి విన్నది, ముందు నెబులైజర్ పెట్టించింది. తరువాత గదిలో ఏమేం వాడుతున్నారని అడిగింది. సరిత ఒక్కొక్కటే చెబుతోంది. డాక్టరమ్మ రాసే కలం కింద పెట్టేసింది.

"ఇంత పోరని ఊపిరితిత్తులు ఎంతుంటయమ్మా? మూసిన రూముల ఇవన్నీ పెడ్తె దోమ ఒక్కటే పీలుస్తదా? వీడు పీల్చడా? కాయిల్ అసలే వద్దు. పిల్లలున్న రూముల స్ప్రే కొట్టద్దు. క్రీం చేతులకు రాస్తే నోట్లెకు పోతది. వీనికి దమ్ము ఆడ్తలేదు గనుక గా మిషిన్ గూడ బంద్ చెయ్యుండ్రి. దోమతెర కట్టుండ్రి, కిటికీలకు జాలీ కొట్టియ్యుండ్రి, గాలి ఆడనియ్యుండ్రి."

"మా ఆయన డెంగీకి భయపడ్తడు మేడం. మా బిడ్డ గట్లనే పోయింది" అంది సరిత.

డాక్టరమ్మ గొంతు తగ్గింది. "భయపడుడు తప్పు కాదమ్మా. కానీ డెంగీ దోమ ఎక్కువ పగటీలే కుడ్తది. మీరు లైటు పెట్టేది రాత్రి. ఇంటి సుట్టు నీళ్లు ఏడ నిలుస్తున్నయో ముందు చూడుండ్రి."

 ఇంటికి రాగానే సరిత పిల్లాణ్ని నాకిచ్చి వెనక్కి పోయింది. వెనక గోడకు ఆనించి పాత కూలర్ ఉంది, మొదటి సెలవులో హరీశ్ కొన్నది. దాని తొట్టిలో నీళ్లున్నాయి, ఆ నీళ్లలో దోమ పిల్లలు మెలికలు తిరుగుతున్నాయి. సరిత దాన్ని రెండు చేతులా ఎత్తి బోర్లించింది. తరువాత అక్కడే బురదలో కూర్చుండిపోయింది. నాకు తిట్టడానికి ఎవరూ దొరకలేదు, కూలర్‌నే తన్నాను.

ఆ సాయంత్రం కాల్‌లో ఆమె అంతా చెప్పింది. హరీశ్ వింటే కదా! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"తెర ఏందే తెర? నా బిడ్డను మింగిన దోమ తెరకు ఆగుతదా? డాక్టర్లకు ఏమెర్క? కరీంనగర్ల గంతమంది డాక్టర్లు ఉండంగనే పాయె గదా. నువ్వు ముందు మిషిన్ పెట్టు, లైటు చూపియ్యి."

సరిత ఎర్రలైటు చూపించింది. ఆ రోజు నుంచి రోజూ చూపించింది. మిషిన్‌లో ఉన్నది మాత్రం ఉత్త సీసా. మందు అయిపోయిన పాత సీసా బిగించి స్విచ్ వేస్తే లైటు వెలుగుతుంది, షార్జాకు కనపడాల్సింది అంతే. ఉపాయం నాతో చెప్పినప్పుడు ఎన్నాళ్ల తరువాతో ఆ పిల్ల నవ్వింది. జగిత్యాల నుంచి నేను జాలీ గుడ్డ తెచ్చి నితిన్ ఊయలకు సరిపడా దోమతెర కుట్టిచ్చాను, అంచుకు బరువు ఉండాలని మందపాటి పట్టీ వేశాను. కాయిళ్లు, క్రీం డబ్బాలు మా అటక మీదికి చేరాయి. టేపు తీస్తే కాల్‌లో తెలిసిపోతుంది గనుక కిటికీలు అట్లాగే ఉన్నాయి, తలుపు మాత్రం పొద్దంతా బార్లా తెరిచి పెట్టేది. అంజవ్వ తెర వైపు చూసి మూతి తిప్పుకుంది గానీ ఏమీ అనలేదు. నితిన్‌కు దగ్గు తగ్గింది. పొక్కులు మానిపోయాయి. బుగ్గలు వచ్చాయి. ఈ ముసలిది ఇంత తొందరగా ఎట్లా ఒప్పుకుందని నాకు అనుమానం రావాల్సింది, రాలేదు.

సిరిసిల్లలో తండ్రి ఆనందానికి కంటి ఆపరేషన్ అంటే సరిత పొద్దున్నే బయలుదేరి పోయింది. పిల్లాడు అత్త దగ్గర. మధ్యాహ్నం దాటాక, నేను జాకెట్ చేతులు కట్ చేస్తుండగా, అంజవ్వ కేక వినపడింది. అది తగాదా కేక కాదు. పరుగెత్తి పోతే నితిన్ ఆమె ఒళ్లో వాంతి చేసుకుంటున్నాడు, ఊపిరి అందక పెదవులు నల్లబడ్డాయి. వాడి నోరు వాసన చూశాను. పూల సెంటూ కిరసనాయిలూ కలిసిన వాసన. ఊయల మీద నేను కుట్టిన తెర అట్టలా బిర్రుగా నిలబడి ఉంది, అంచు పట్టీ ఒకచోట తడిసి నలిగి ఉంది.

రాజ్‌కుమార్ ఆటో తెచ్చాడు. కోరుట్ల దవాఖానాలో ఆక్సిజన్ పెట్టి, వెంటనే జగిత్యాలకు పంపారు. అదే డాక్టరమ్మ. మందు నూనె లాంటిదని, చీకినప్పుడో కక్కినప్పుడో ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటుందని, రాత్రి గడిస్తే గానీ చెప్పలేనని అంది. గది బయట అంజవ్వ గోడకు కూలబడింది. నేను ఆమె ఎదుట నిలబడ్డాను.

"ఏం పెట్టినవే పోరనికి?"

"నేనేం పెట్టలే. తెర చీకిండు."

"తెరకు ఏం చేసినవ్?"

అప్పుడు చెప్పింది. "మిషిన్ల సీసా ఉత్తదున్నదని ఎన్నడో చూసిన. హరిగానికి చెప్తె సరితను తిడ్తడని చెప్పలే. తెర మంచిగనే ఉన్నది గని, ఉత్త తెరకు దోమ ఆగుతదా అని నాకు ఒకటే రంది. ఇయ్యాల ఇది ఇంట్ల లేదు గదా అని, దాసిపెట్టిన కొత్త సీసలు ఇప్పి, గంజిల కలిపి, తెరకు పట్టిచ్చి ఎండేసిన. నూలుకు గంజి పట్టిచ్చిన చేతులే గదా ఇవి. గంజి ఉంటె మందు పోదు, తెరకే ఆగుతదనుకున్న."

ఎన్ని వందల మగ్గం పడుగులకు గంజి పెట్టి ఉంటుందో ఆ ముసలిది. దారం గట్టిపడాలంటే ఏం చేయాలో ఆమె చేతులకు తెలుసు. పిల్లలు తెర అంచు నోట్లో పెట్టుకుంటారన్న సంగతి, ముగ్గురిని కని పెంచినదానికి, ఆ పొద్దు గుర్తు రాలేదు. నేను తిట్టాను. ముసలిదని చూడలేదు, ఏడుస్తున్నదని చూడలేదు. నర్సు వచ్చి నన్ను దవాఖానా బయటకు పొమ్మనేదాకా తిట్టాను. 

సరిత సిరిసిల్ల నుంచి నేరుగా జగిత్యాలకు వచ్చింది. నేను చెప్పిందంతా నిలబడి విన్నది. అత్త ముఖం చూడలేదు. లోపలికి పోయి మాస్కు పెట్టిన కొడుకు అరికాలు పట్టుకుని కూర్చుంది. ఆ కాలు వదిలి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. హరీశ్ ఫోన్లు వస్తూనే ఉన్నాయి. రాజ్‌కుమారే ఎత్తి, జరిగింది జరిగినట్టు చెప్పాడు.

పిల్లాడు దక్కాడు. తెల్లారేసరికి ఊపిరి నిమ్మళించింది, ఆ తరువాత మాస్కు పీకి పారేసి పాలకు ఏడ్చాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ, కొంతకాలం దగ్గు వస్తూ పోతూ ఉంటుందని, పొగ గానీ మందు వాసన గానీ తగలనీయొద్దని మరీ మరీ చెప్పింది.

ఇంటికి వచ్చిన సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. నితిన్‌ను నా ఒళ్లో వేసుకుని కూర్చున్నాను. గడప దగ్గర అంజవ్వ. ఫోన్ మోగింది. సరిత ఎత్తి, అటక కింది గూట్లో నిలబెట్టింది, కిటికీ కనిపించేటట్టు. తరువాత కుర్చీ ఎక్కి టేపు పీకడం మొదలుపెట్టింది. పాత టేపు, గోడ రంగుతో సహా చర్రున లేస్తోంది.

"ఏం చేస్తున్నవే?"

"కిటికీ తీస్తున్న."

"సరితా, తియ్యకు. దోమలస్తయి. నా మాటిను."

"అస్తయి. రేపు జాలీ కొట్టేటోడు అస్తడు. అందాక పోరని పక్కకు నేను కూసుంట."

"గా తెర కట్టవట్టే గదనే పోరడు దవఖాన్ల పడ్డది! నేను చెప్పినట్టు వింటె గిట్లయితుండెనా? నన్ను లైటు చూపిచ్చి మోసం చేస్తవా?"

"చేసిన" అంది సరిత. "నువ్వు దోమకు భయపడ్డవు. నేను నీకు భయపడ్డ. నడుమల పోరడు సావంగ బతికిండు. ఇగ నాతోని కాదు."

గడప దగ్గర నుంచి అంజవ్వ లేచింది. "హరీ, దాన్ని అనకు కొడుకా. తెరకు మందు పెట్టింది నేను."

"నువ్వాగవే అవ్వా!" అతడి ముఖం ఫోన్ నిండా వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి, గొంతు పగిలిపోతోంది. నాకు ఫోన్ లాక్కుని నాలుగు అంటించాలని నాలుక దురద పెట్టింది. ఒళ్లో పిల్లాడు ఉన్నాడని ఊరుకున్నాను. "బిడ్డను మట్టిల పెడ్తుంటె ఫోన్ల చూసిన. మళ్ల చూడ, నాతోని కాదు. గా కిటికీ తీసినవో, అచ్చి సంపుత నిన్ను. సంపుత సరితా, చెప్తున్న!"

చివరి టేపు ముక్క ఊడి వచ్చింది. సరిత అద్దం రెక్కను రెండు చేతులతో నెట్టింది. ఎన్నాళ్లుగానో కదలని రెక్క, కిర్రుమని పూర్తిగా జరిగింది. కుర్చీ దిగి, ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"అచ్చి సంపు బావా" అంది. "గట్లనన్న అస్తవు. పోరడు నిన్ను ఒక్కసారన్న చూస్తడు."